జానపదమైతే రచయిత లేనట్టేనా?

సొంతంగా రాసి, బాణీ కట్టి, పాడే యువ కళాకారులు తొలి సోలో జానపద ఆల్బమ్ తెస్తే మన పత్రికలు మట్టివాసన గురించి రాస్తాయి, ప్రభుత్వం శాలువా కప్పుతుంది. ఆ పాట మీద వచ్చే డబ్బు ఎవరికి పోతున్నదో మాత్రం ఎవరూ అడగరు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. సినిమాకు చెందని రికార్డింగులోనైనా సరే, పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీలో హక్కులు తీసుకున్నవారితో సమాన వాటా ఉంటుంది. ఆ వాటాను వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప మరెవరికీ రాసివ్వకూడదు. రాసిచ్చినా ఆ ఒప్పందం చెల్లదు. కొంత సొమ్ము చేతిలో పెట్టి సర్వహక్కులూ రాయించుకునే ఏ కాగితమైనా ఈ సమాన వాటా ముందు నిలవదు.

2021లో ‘సారంగ దరియా’ పాట మీద ఎంత చర్చ జరిగింది! రచయిత ఎవరో తెలియని పాట ఎవరిదన్న తగవుకు అంత చోటిచ్చాం. రచయిత తెలిసిన పాటల సంగతి పట్టించుకోలేదు. ‘మాభూమి’ సినిమాలో గద్దర్ గొంతులో విన్న ‘బండెనక బండి కట్టి’ రాసింది బండి యాదగిరి. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ వంగపండు ప్రసాదరావు రచన. అది శ్రీకాకుళం జానపదమని చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వంగపండు 2020లో కన్నుమూశారు, అంటే చట్టం లెక్కన ఆ పాట మీద హక్కు 2080 చివరిదాకా ఉంటుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో బుర్రకథ నాజర్ పుట్టారు. 1986లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించాం. ఆయన స్వయంగా రాసిన కథల మీద హక్కు 2057 దాకా ఉందని ఎన్ని వేదికల మీద చెప్పాం?

జానపదం జనం సొత్తు, దానికి యజమానేమిటని కొందరంటారు. మిర్చి కోతలో కూలీలు పాడుకుంటే ఎవరూ పైసా అడగరు. సమాన వాటా అడగాల్సింది ఆ పాటతో ఆదాయం పొందుతున్న సంస్థను. బాణీ పాతదే కావచ్చు, అప్పుడు దాని మీద హక్కు ఉండదు. కొత్తగా రాసిన మాటల మీద ఉంటుంది, రెండింటినీ చట్టం వేర్వేరుగానే చూస్తుంది. పెట్టుబడి పెట్టినవారి మాటేమిటంటే, రికార్డింగు హక్కు ఎలాగూ వారిదే. చట్టం అడుగుతున్నది వచ్చిన రాయల్టీలో సమాన వాటానే తప్ప మొత్తం కాదు.

సాంస్కృతిక శాఖ జానపద ఆల్బమ్‌లకు సాయం చేయదలచుకుంటే ముందు రచయిత పేరు, సమాన వాటా షరతు ఉన్న ఒప్పందం చూపమనాలి. అవి లేని సంస్థకు ప్రజల సొమ్ములో రూపాయి ఇవ్వకూడదు, ప్రభుత్వ వేదిక ఎక్కించకూడదు. సవరణ వచ్చి పన్నెండేళ్లు దాటాక కూడా ఆ ఒక్క కాగితం అడగని శాఖకు జానపద కళల పరిరక్షణ గురించి మాట్లాడే అర్హత లేదు.