చప్పుడు మారితే మోటారు ఆపాలి!

– మూడో సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి

మాది కనిగిరి దగ్గర ఒక మెట్ట పల్లె. రాత్రిపూట బావి మీద మోటారు నడుస్తుంటే మా నాన్న నిద్రలో కూడా దాని చప్పుడు వింటూనే వుంటాడు. గొంతు కాస్త మారిందా, దిగ్గున లేస్తాడు. "బేరింగు అరస్తా వుందిరా! ఇంకో గంట నడిపితే మోటారు కాలిపోద్ది" అంటూ పోయి స్విచ్చి ఆపేస్తాడు. బడి ముఖం సరిగా చూడని నాన్నకు తెలిసిన ఈ సంగతి, సైన్సు చదువుతున్న నాకు తెలియకపోయింది. ఆ సిగ్గు చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

నిరుడు కందులు అమ్మిన డబ్బులో 11,000 రూపాయలు తీసి నాన్న నాకొక పాత ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. మా ప్రాంతంలో ఫ్లోరైడు బాధ ఎవరికీ కొత్త కాదు. అందుకే ఏప్రిల్‌లో చుట్టుపక్కల 22 బావుల, బోర్ల నీళ్లు సీసాల్లో పట్టి, ఫ్లోరైడు కొలిచి, ఒక్కొక్కదానికీ ఒక్కో ఫైలు పెట్టుకున్నాను. ల్యాప్‌టాప్ వుండగా మళ్లీ కాగితం మీద రాయడమెందుకు అనుకున్నాను!

జూన్‌లో దాని వరస మారింది. తెరుచుకోవడానికి పది నిమిషాలు. ఫోల్డరు తెరిస్తే బిగుసుకుపోవడం. నిన్న చూసిన ఫైలు ఇవాళ రానని మొరాయించడం. లోపల్నించి టక్, టక్ మని చప్పుడు. "పాతది గదా, అంతేలే" అనుకుని ఎనిమిది రోజులు ఆ చప్పుడు మధ్యనే సినిమాలు చూశాను. తొమ్మిదో రోజు బాగుచేద్దామని డిస్కు తనిఖీ ప్రోగ్రాము పెట్టి రాత్రంతా వదిలేశాను. తెల్లారేసరికి విండోస్ తెరుచుకోవడమే మానేసింది.

అసలు ఆ చప్పుడేమిటి? హార్డు డిస్కులో పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. చదివే హెడ్డు దానికి తగలకుండా, తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తున తేలుతుంది. చదవవలసింది దొరకనప్పుడు వెనక్కి పోయి, మళ్లీ వచ్చి వెతుకుతుంది. ఆ పోయి రావడమే మనకు వినిపించే టక్కు. పాడైన చోట్లను డిస్కు తనంతట తానే పక్కనబెట్టి వాటి లెక్క రాసుకుంటుంది. ఆ చిట్టా పేరు స్మార్ట్. ఉచితంగా దొరికే ప్రోగ్రాములతో దాన్ని ఎవరైనా చూడవచ్చు. అందులో రీఎలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల అంకెలు పెరుగుతున్నాయంటే అపాయం దగ్గర పడ్డట్టే.

2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఒక నివేదిక ప్రకటించారు. తనిఖీలో మొదటి తప్పు బయటపడ్డ డిస్కు 60 రోజుల్లోగా చెడిపోయే అవకాశం, ఆ తప్పు లేనిదానికంటే 39 రెట్లు ఎక్కువట! అదే నివేదికలో ఇంకో మాట: చెడిపోయినవాటిలో 56 శాతానికి పైగా డిస్కులు నాలుగు ముఖ్య సంకేతాల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి. అంటే సంకేతం కనబడితే ఆలస్యం పనికిరాదు. కనబడలేదని నిశ్చింతా పనికిరాదు.

మరి చప్పుడు మొదలైతే ఏం చెయ్యాలి? ముందు ఇతర పనులన్నీ ఆపాలి. రిపేరు ప్రోగ్రాములు పెట్టకూడదు. అవి కొన వూపిరితో వున్న డిస్కును మరింత పరుగెత్తిస్తాయి. మళ్లీ సంపాదించలేని ఫైళ్లను మొదట వేరే డిస్కులోకి తీసుకోవాలి. అదీ సాగకపోతే కట్టేసి, తెలిసినవాళ్లకు అప్పగించాలి. డిడి-రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము తేలిగ్గా వచ్చే భాగాలను ముందు తీసి, పాడైన చోట్లను చివరికి వుంచుకుంటుంది. మరమ్మతు చేస్తే ఆ నకలు మీదే చెయ్యాలి. మూత విప్పి చూడటం మాత్రం కూడదు. దుమ్ము పడిందంటే అంతే సంగతులు.

మా సీనియర్ ఒకాయన ఈ పద్ధతిలోనే 14 బావుల ఫైళ్లు బయటికి తీశాడు. ఎనిమిది పోయాయి. ఈలోగా వానలు పడ్డాయి. ఆ ఏప్రిల్ నీళ్లు మళ్లీ ఎక్కడ తెచ్చేది?

డిస్కు చావడం నేరం కాదు. ఏ యంత్రమైనా ఒకనాడు ఆగిపోవలసిందే. ఒకే నకలు పెట్టుకోవడమే మనం చేస్తున్న నేరం. మా అమ్మ బీర, సొర విత్తనాలను ఒకే కుండలో వుంచదు. కొన్ని మా అటక మీద, కొన్ని మేనత్త ఇంట్లో. కంప్యూటరు తెలిసినవాళ్లు చెప్పేదీ అదే: మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట.

అయితే మిత్రులారా, బయటి డిస్కు కొనే స్తోమత అందరికీ వుందా? పల్లెల నుంచి వచ్చిన మనలో చాలామందివి నాలాటి పాత ల్యాప్‌టాప్‌లే గదా! అందుకే విద్యార్థి సంఘానికి నా మనవి. వార్షికోత్సవపు పందిరి ఖర్చులో కొంత తగ్గించి ప్రతి డిపార్టుమెంటుకూ ఒక డిస్కు కొనిపెట్టండి. శనివారం శనివారం ప్రాజెక్టుల నకలు అందులో చేరాలి. అధ్యాపకులు కూడా రికార్డు మీద సంతకం పెట్టేముందు "రెండో నకలు ఎక్కడుందయ్యా?" అని ఒక్కమాట అడగాలి.

జరిగిందంతా చెప్పినప్పుడు నాన్న నన్ను తిట్టలేదు. "చప్పుడు ఇనపడ్డాక ఇంకా ఎందుకు నడిపినావురా?" అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఈ సంచిక మూసేలోగా మీ రెండో నకలు ఎక్కడుందో ఒకసారి చూసుకోండి.