సంగీతపు గదికి యాంప్లిఫయరు: మా అభిప్రాయము

మన కళాశాల సంగీతపు గదికి బేసు గిటారు సాధన కొరకు ఒక డిజిటల్ యాంప్లిఫయరు కొనవలెనని కార్యవర్గమువారు సంకల్పించినట్లు విని, సాయంకాలములు ఆ గదిలో గడుపు విద్యార్థులమైన మేము మిక్కిలి సంతోషించినాము. అయితే ఎట్టిది కొనవలె ననుటలో మా మిత్రులలోనే ఏకాభిప్రాయము లేదు. సెల్‌ఫోనులోని యాప్‌తో నడిచేది, వేల కొలది నాదములు దింపుకొనుటకు వీలున్నది కావలెనని ఎక్కువమంది కోరిక. వారితో మేము సగము ఏకీభవిస్తున్నాము. తక్కిన సగము ఏల ఏకీభవించలేకున్నామో ఈ పుటలలో విన్నవించుకొనుట మా ఉద్దేశము. విద్యార్థులు చెల్లించిన రుసుముల సొమ్ము ఇది. ఒకసారి ఖర్చయినచో మరల ఎన్ని సంవత్సరములకు ఇట్టి అవకాశము వస్తుందో ఎవరూ చెప్పలేరు.

గత సంవత్సరము జరిగిన సంగతి మొదట చెప్పవలె. ఒక పూర్వ విద్యార్థి దయతో మనకొక పాత బేసు గిటారు లభించినది. దానికి తగిన యాంప్లిఫయరు లేదు. మామూలు గిటారుకు వాడే చిన్న యాంప్లిఫయరు గదిలో ఉండగా దానికే తగిలించి వాయించినారు. ధ్వని చాలలేదని పెంచినారు, ఇంకను పెంచినారు. మూడవ వారమునకు స్పీకరులోని కాగితపు గరాటు చిరిగి, తంత్రి మీటినప్పుడెల్ల పగిలిన పళ్ళెము చప్పుడు వచ్చుట మొదలైనది. పిల్లలు నిర్లక్ష్యముగా వాడినారని పెద్దలు నొచ్చుకొన్నారు. నిర్లక్ష్యము కొంత ఉన్న మాట నిజమే గాని అసలు కారణము వేరు.

మామూలు గిటారు అతి మంద్ర తంత్రి క్షణమునకు సుమారు 82 మారులు కంపిస్తుంది. నాలుగు తంత్రుల బేసు గిటారులోని అతి మంద్ర తంత్రి కంపనము అందులో సరిగా సగము, అనగా సుమారు 41. కంపనముల సంఖ్య సగమైనప్పుడు అదే బిగ్గరతనము రావలెనన్న స్పీకరు గరాటు నాలుగు రెట్లు దూరము ముందుకు వెనుకకు కదలవలసి ఉంటుంది. పైగా మంద్ర ధ్వనులను మన చెవి అంత తేలికగా అందుకొనదు. కనుక వాయించువానికి ఎంత పెంచినను తక్కువగానే తోస్తుంది. ఆ చిన్న స్పీకరు ఈ పనికి చేయబడినదే కాదు. కావున ఈ మారు కొనునది బేసు కొరకే నిర్మించినది కావలెనన్నది మొదటి మాట. ఇందులో భేదాభిప్రాయము లేదు. బేసు యాంప్లిఫయరుకు కీబోర్డును తగిలించవచ్చును, మైకు అమర్చిన బొబ్బిలి వీణను తగిలించవచ్చును. మామూలు గిటారు యాంప్లిఫయరు వద్ద ఈ సౌకర్యము లేదు.

బేసు మనకెందుకు, అది పాశ్చాత్యుల వాద్యము కదా అని ఒక పెద్దమనిషి మమ్ము అడిగినారు. బేసు గిటారు పాశ్చాత్యమే. 1951లో ఫెండరు సంస్థ ప్రెసిషన్ బేసును విడుదల చేసిన తరువాతనే అది లోకమంతట వ్యాపించినది. కాని పాట అడుగున మంద్రనాదము నడిపించుట మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతములకు కొత్త కాదు. జముకుల కథ చూచినవారికి ఈ సంగతి విదితమే. ఒక వైపు తోలు బిగించిన పాత్ర, ఆ తోలు నడుమ నుండి వచ్చు ఒక్క తంతి, ఆ తంతిని చేతితో లాగి వదలుచు మీటితే బిగువును బట్టి స్వరము పైకి క్రిందికి జారుతుంది. కథ చెప్పువాని గొంతును ఆ గుమ్‌గుమ్మనే నాదము మోసుకొని పోతుంది. పార్వతీపురము దగ్గరి పెదబొండపల్లికి చెందిన వంగపండు ప్రసాదరావుగారు 2020లో కన్నుమూయు వరకు ఈ ప్రాంతపు జానపద బాణీలనే వేదికలపై వినిపించినారు. ఇళయరాజా కూర్చిన ‘గీతాంజలి’ (1989) పాటలను హెడ్‌ఫోనుతో విన్నవారు క్రింద నడుచు బేసును ఒకసారి ప్రత్యేకముగా గమనించవలెనని మా మనవి. ఒకసారి గమనించిన తరువాత అది లేని పాట వెలితిగా తోస్తుంది.

ఇక యాప్ విషయము. డిజిటల్ యాంప్లిఫయరు అనగా తంత్రి నుండి వచ్చిన విద్యుత్ సంకేతమును అంకెలుగా మార్చి, పలు రకముల పెద్ద యాంప్లిఫయరుల స్వభావమును లెక్కలతో అనుకరించి, తిరిగి ధ్వనిగా వెలువరించు యంత్రము. ఆ లెక్కలను మార్చుటకు యంత్రముపై నాలుగైదు మీటలుంటవి. మిగిలినవన్నీ ఫోను తెరపై కనబడతవి. యాప్‌లో శ్రుతి చూచుకొనుటకు సాధనము, తాళము వేయు యంత్రము, పాటతో పాటు వాయించు ఏర్పాటు, తనకు నచ్చిన అమరికను భద్రపరచుకొను సౌకర్యము మొదలగునవి ఉంటవి. ఇవి ఎగతాళి చేయదగినవి కావు. గురువు ఎదుట లేని విద్యార్థికి, ముఖ్యముగా పల్లె నుండి వచ్చి హాస్టలులో ఉంటూ ఒంటరిగా నేర్చుకొనువానికి, ఇవి ఎంతో ఆసరా. ఉర్దూ విభాగపు మిత్రులు రియాజ్ అంటారు, మనము సాధన అంటాము. ఏ పేరుతో పిలిచినను అది చేయించు పరికరమునకు మేము వ్యతిరేకులము కాము.

మా అభ్యంతరమెల్ల ఫోను ఎవరిది అన్న ఒక్క ప్రశ్న మీదనే నిలిచి ఉన్నది. యాంప్లిఫయరు కళాశాలది. ఫోను విద్యార్థిది. యాప్‌లో ఖాతా ఆ విద్యార్థి పేరుననే ఉంటుంది. అతడు డిగ్రీ పూర్తి చేసి వెళ్ళిపోయిన నాడు అమరికలన్నీ అతనితో వెళ్ళిపోతవి. ఇది ఊహ కాదు. మా పరిచయస్థుల బృందమొకటి ఇట్టి యంత్రమును కొని, దానిని ఎప్పుడూ ఒక్క మిత్రుని ఫోనుతోనే నడిపినది. అతడు రాని సాయంకాలము తక్కినవారు యంత్రము చుట్టు కూర్చొని తేనీరు త్రాగి ఇండ్లకు పోయినారు. యంత్రముపై మీటలున్నవి, అవి పని చేస్తవి అన్న సంగతి వారికి అయిదు మాసముల తరువాత గాని తెలియలేదు! ఇది వినుటకు హాస్యముగా ఉన్నను, దీనిలో ఒక అన్యాయము దాగి ఉన్నది. మంచి ఫోను గలవాడే వాద్యమునకు యజమాని అవుతాడు. మా గదికి వచ్చువారిలో ఫోను లేనివారున్నారు. ఇంటిలో ఒక్కటే ఫోను ఉండి అది తండ్రిగారి వద్దనో అన్నగారి వద్దనో ఉండగా వచ్చు విద్యార్థినులున్నారు. బేసు నేర్చుకొనవలెనని మమ్ము మొదట అడిగినది ఆ సోదరీమణులలో ఒకరే. ఆమె వచ్చి మీట నొక్కినంతనే పలుకని యంత్రమును మన సొమ్ముతో ఏల కొనవలె?

యాప్ ఆయుర్దాయము మాట కూడ ఆలోచించవలె. మంచి స్పీకరు, గట్టి చెక్క పెట్టె జాగ్రత్తగా వాడితే ఇరువది సంవత్సరములు నిలుస్తవి. యాప్‌కు ఆ హామీ లేదు. 2017లో ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11ను విడుదల చేసినప్పుడు, పాత 32 బిట్ పద్ధతిలో వ్రాయబడి మార్పు చెందని యాప్‌లన్నీ ఆ ఫోనులలో తెరుచుకొనుట మానివేసినవి. వాటిని నమ్ముకొని కొన్న పరికరములేవీ చెడిపోలేదు, కాని వాటిని పలుకరించు నోరు మూతపడినది. ఇక మన సముద్రతీరపు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస ప్రాంతమును తాకిన తిత్లీ తుపాను వచ్చినప్పుడు కరెంటుతో పాటు ఫోను సంకేతములు కూడ పోయినవి. ఖాతాలోనికి ప్రవేశించుటకే ఇంటర్నెట్టు అడుగు యాప్ అట్టి దినములలో ఎందుకూ కొరగాదు. అంతటి విపత్తులో పాట ఎవరికి కావలె అనవచ్చును. కరెంటు వచ్చి, నెట్టు రాని ఆ తరువాతి పది దినముల మాట మేము చెప్పుచున్నది.

బజారులోని పేర్లు కొన్ని పరిశీలించినాము. పాజిటివ్ గ్రిడ్ సంస్థవారి స్పార్క్ 40 మా మిత్రులకు ఎంతో ప్రియమైనది. దానికి పేరు తెచ్చినది యాప్. యంత్రముపై కూడ బేసునకు వేరుగా ఒక స్థానమున్నది, అది మెచ్చదగినదే. కాని దాని స్పీకరులు నాలుగంగుళములవి, రెండు. యమహావారి టిహెచ్‌ఆర్10 రెండవ తరము యంత్రములో సుమారు 8 సెంటీమీటర్ల స్పీకరులు రెండు. అందులోను బేసు అమరిక ఉన్నది. ఇవి ఒంటరిగా పడకగదిలో వాయించుకొనువారికి ముచ్చటైనవి. ఇంత చిన్న స్పీకరులు 41 కంపనముల మూలనాదమును దాదాపు పలుకలేవు. దాని పై అనుస్వరములను వినిపించగా, లేని మూలమును మన మెదడు ఊహించుకొని విన్నట్లు భ్రమిస్తుంది. ఈ భ్రమ ఒంటరి సాధనకు చాలును. పక్కన ఢోలక్, హార్మోనియము, పది మంది ఖవ్వాలీ చప్పట్లు చేరినంతనే ఆ భ్రమ కాస్తా ఎగిరిపోతుంది. ఫెండరువారి రంబుల్ ఎల్‌టి25 అనునది బేసు కొరకే చేయబడినది. 25 వాట్లు, ఎనిమిదంగుళముల స్పీకరు, యంత్రముపైననే చిన్న రంగుల తెర. అమరికలను తిప్పు మీటతో అక్కడనే మార్చుకొనవచ్చును. మరింత సవరింపవలెనన్నచో కంప్యూటరుకు తగిలించుకొనవచ్చును. పెద్ద సభకు ఇదియు చాలదు. సభలో హాలులోని మైకు సెట్టుకే కలుపుకొనవలె. మా గదికి మాత్రము ఈ తరహా సరిపోతుందని మా నమ్మకము. ఈ పేరే కావలెనని మేము పట్టుబట్టము. ఎనిమిది లేక పది అంగుళముల స్పీకరు, ఫోను లేకయే పూర్తిగా నడుచు మీటలు, ఈ రెండును ఉన్న తరువాత యాప్ కూడ ఉంటే మరియు మంచిది.

హెడ్‌ఫోను రంధ్రము లేనిదానిని మాత్రము ఉచితముగా ఇచ్చినను తీసికొనరాదు. మన గదికి ఒక వైపు గ్రంథాలయము, ఇంకొక వైపు నమాజు గది. గదిలో సంగీతము ఉండవచ్చునా అన్న విషయమై మన పెద్దలలో భిన్నాభిప్రాయములున్నవి. ఇది గౌరవముతో మాటలాడుకొనవలసిన విషయము, ఒక వ్యాసములో తేల్చునది కాదు. మాకు తెలిసినంతవరకు ఈ ఊరిలో ఉభయ సంస్కృతులు ఎన్నడూ ఎడముఖము పెడముఖముగా లేవు. 1919లో స్థాపించిన విజయనగర సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారే పారసీకము నేర్చి, ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతములోనికి, అచ్చ తెలుగులోనికి తెచ్చి 1932లో ప్రకటించినారు. బాబామెట్ట దర్గాకు వెళ్ళువారిలో అన్ని మతములవారిని చూస్తున్నాము. అయినను ప్రార్థనా సమయములో పక్క గది నుండి బేసు దద్దరిల్లుట ఎవరికీ మర్యాద కాదు. మంద్రనాదమునకు గోడ పెద్ద అడ్డు కాదు. తలుపు మూసినను నేల గుండా పోతుంది. హెడ్‌ఫోను ఒక్కటే దీనికి మార్గము.

ఆ హెడ్‌ఫోను తీగ గలది కావలె. బ్లూటూతు హెడ్‌ఫోనులో ధ్వని చెవికి చేరునప్పటికి మామూలుగా క్షణములో పదవ వంతు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ ఆలస్యమవుతుంది. పాట వినువానికి అది తెలియదు. వాయించువాడు మాత్రము తాళము తప్పి, లోపము తన చేతిలోనే ఉన్నదని దిగులు పడతాడు. ఫోనులోని పాటను బ్లూటూతు ద్వారా యాంప్లిఫయరుకు పంపి దానితో కలిసి వాయించుటలో ఈ చిక్కు లేదు. అక్కడ పాట మొత్తము ఆలస్యమగును గాని తంత్రి నాదము ఆలస్యము కాదు. హెడ్‌ఫోనుతో గంటల తరబడి బిగ్గరగా వినుట చెవికి హాని. పెద్దలకు వారమునకు 40 గంటలు, 80 డెసిబెల్లులు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రమాణము నిర్ణయించినది. గది గోడపై ఇది వ్రాయించి పెట్టవలెనని కోరుతున్నాము.

అమెరికాలో ఉన్న బంధువుల ద్వారా తెప్పించినచో చౌక అని ఒక సలహా వచ్చినది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. వెనుక అట్టపై ఏమి వ్రాసి ఉన్నదో చదువక ప్లగ్గు పెట్టిన క్షణముననే చౌక సంగతి తేలిపోతుంది. దుబాయి, కువైటుల నుండి తెచ్చినవానికి వోల్టుల భయము లేదు గాని, చెడిపోయినచో ఇక్కడ బాగు చేయువారు బాధ్యత వహిస్తారా అన్నది ముందే విచారించుకొనవలె.

యాప్ గలదానినే కొన్నచో కార్యవర్గమువారికి మాదొక విన్నపము. ఎవరింటనో మూలపడి ఉన్న పాత టాబ్లెట్టు నొకదానిని సేకరించి, కళాశాల పేరుతో ఖాతా తెరిచి, సంకేతపదమును సంగీతపు గది రిజిష్టరులో వ్రాయించి, టాబ్లెట్టును బీరువాలో భద్రపరుపవలె. తాళపు చెవి అటెండరుగారి వద్ద ఉండుగాక. అప్పుడు ఏ విద్యార్థి వచ్చి వెళ్ళినను యంత్రము ఇక్కడనే ఉంటుంది, దాని బుద్ధియు ఇక్కడనే ఉంటుంది.

కొనుటకు ముందు పరీక్షించవలె. కుండ కొనువారు తట్టి చూడక కొనరు కదా. ఇంటర్నెట్టులో బొమ్మ చూచి ఆర్డరు పెట్టుటకు బదులు, మన బేసు గిటారునే వెంట తీసికొని విశాఖపట్నములోని దుకాణమునకు పోవుట మేలు. అరువది కిలోమీటర్ల బస్సు ప్రయాణము పెద్ద శ్రమ కాదు. అక్కడ ఫోనులన్నీ జేబులో పెట్టుకొని, అతి మంద్ర తంత్రిని ఒంటరిగా మీటి, స్వరము స్పష్టముగా వినబడుచున్నదా లేక బుడబుడమనుచున్నదా చూడవలె. తరువాత యాప్ తెరిచి చూడవచ్చును. కార్యవర్గము నుండి ఒకరు, మా నుండి ఇద్దరు చాలును. ఆ ఇద్దరిలో మమ్ము మొదట అడిగిన సోదరి ఉండవలెనని మా కోరిక. గిటారు మోయు పని మేము చూచుకొంటాము.