సగం వాక్యం మీద కట్టిన జూదగృహం

భారతదేశంలో ఆన్‌లైన్ రమ్మీ వేల కోట్ల రూపాయల వ్యాపారంగా ఎదగడానికి ఆధారం ఒక తీర్పులోని సగభాగం. ఆ తీర్పుకు మూలం సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్బు. అక్కడ రమ్మీ ఆడుతున్న వారిని పోలీసులు పట్టుకోగా, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ‘ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ’ పేరిట 1967లో వెలువడిన ఆ తీర్పు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటగా గుర్తించింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో తెలియాలి కనుక అది మూడు ముక్కల ఆట వంటిది కాదని చెప్పింది. కంపెనీల న్యాయవాదులు అర్ధ శతాబ్దానికి పైగా కోర్టుల్లో వినిపిస్తున్నది ఈ భాగాన్నే.

అదే తీర్పులో రెండో భాగం కూడా ఉంది. పందెం పెట్టి ఆడే రమ్మీ నుంచి గానీ, మరే ఆట నుంచి గానీ ఇంటి యజమాని లాభం గడిస్తున్నట్టు సాక్ష్యం ఉంటే నేరం నిలబడగలదని న్యాయస్థానం అప్పుడే హెచ్చరించింది. సభ్యుల సౌకర్యం కోసం క్లబ్బు వసూలు చేసే చిన్న రుసుమును మాత్రం అలాంటి లాభంగా పరిగణించలేదు. ఆన్‌లైన్ రమ్మీ సంస్థ చేసినదేమిటి? ప్రతి ఆటలోనూ పందెం సొమ్ము నుంచి తన కమీషన్ తీసుకుంది. గెలిచినవాడు ఎవరైనా, ఓడినవాడు ఎవరైనా, ఆ కమీషన్ మాత్రం ఆగలేదు. 1967 నాటి ధర్మాసనం వేలెత్తి చూపిన ఇంటి యజమాని ఇతడు కాకపోతే మరెవరు?

నైపుణ్యం అనే ఒక్క మాటను కవచంగా ధరించిన ఈ వ్యాపారాన్ని మొదట ఎదిరించింది రాష్ట్రాలే. 2017లో తెలంగాణ ఆర్డినెన్సు తెచ్చి, గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టింది. 2021లో తమిళనాడు, కర్ణాటక చట్టాలు చేశాయి, కేరళ నోటిఫికేషన్ ఇచ్చింది. వీటి వెనుక ఉన్నది నీతిబోధ కాదు. జీతం వచ్చిన రాత్రే పోగొట్టుకున్న యువకులు, లోన్ యాప్‌ల దగ్గర అప్పు చేసి ఆడిన చిరుద్యోగులు, చివరకు ప్రాణాలు తీసుకున్న వారి కుటుంబాలు ప్రభుత్వాల తలుపు తట్టిన ఫలితమది.

కోర్టులు ఆ తలుపులు మూశాయి. 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు తమిళనాడు చట్టాన్ని కొట్టివేసింది. సెప్టెంబరులో కేరళ నోటిఫికేషన్, 2022 ఫిబ్రవరిలో కర్ణాటక చట్టంలోని నిషేధ నిబంధనలు అదే గతి పట్టాయి. తమిళనాడు మళ్లీ కమిటీ వేసి, 2022 అక్టోబరులో బిల్లు ఆమోదించింది. గవర్నర్ ఆ బిల్లును తిప్పి పంపారు. శాసనసభ రెండోసారి ఆమోదించాకే 2023 ఏప్రిల్‌లో అది చట్టమైంది. అదే ఏడాది నవంబరులో హైకోర్టు చట్టాన్ని ఉంచి, రమ్మీ, పోకర్‌లకు మాత్రం అందులోంచి మినహాయింపు ఇచ్చింది. ఒకే ఆట, ఒకే యాప్, ఒకే పందెం. హోసూరు దాటి బెంగళూరు చేరేలోపు, కర్నూలు దాటి బళ్లారి చేరేలోపు నేరం హక్కుగా మారే విచిత్రం దేశంలో ఏళ్ల తరబడి సాగింది. ఫోన్‌లో స్థలాన్ని తప్పుగా చూపించే యాప్ ఉన్నవాడికి ఆ కాస్త ప్రయాణం కూడా అవసరం లేకపోయింది.

రాష్ట్రాల సరిహద్దుల మీద జూదం ఇలా గెంతులు వేయడం ఈ దేశానికే పరిమితం కాదు. అమెరికాలో ‘స్వీప్‌స్టేక్స్ కేసినో’లది ఇదే విద్య. ఆడేవాడికి రెండు రకాల నాణేలు ఉంటాయి. కొనుక్కునేది ఆటకు మాత్రమే పనికొస్తుంది. దానితో పాటు ‘ఉచితంగా’ వచ్చే రెండో నాణేన్ని నగదుగా మార్చుకోవచ్చు. డబ్బు తీసుకున్నది ఒకదానికి, జూదం ఆడించింది మరొకదానితో కనుక ఇది జూదమే కాదన్నది ఆ సంస్థల వాదన. 2025లో మోంటానా, కనెక్టికట్, న్యూజెర్సీ ఈ మాటల గారడీని నిషేధించాయి. కాలిఫోర్నియా చేసిన చట్టానికి 2026 జనవరి 1ని అమలు తేదీగా నిర్ణయించారు. లూసియానాలో మాత్రం శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ వీటో చేశారు. అక్కడ ‘ఉచితం’, ఇక్కడ ‘నైపుణ్యం’. చట్టం మాటను వెంబడిస్తుంటే సొమ్ము మరో దారిన వెళ్లిపోతుంది.

ఈ కాలమంతా కేంద్ర ప్రభుత్వం ఏమి చేసిందన్నది అసలు ప్రశ్న. 2020 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి 132 వెబ్‌సైట్లు, యాప్‌లను అడ్డుకోవాలని కేంద్ర ఐటీ మంత్రికి లేఖ రాశారు. రాష్ట్రం చట్టమైతే చేయగలదు, సైటును మూయించే అధికారం మాత్రం ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద కేంద్రం చేతిలో ఉంది. తాళం ఒకరికి, తాళంచెవి మరొకరికి ఇచ్చిన ఏర్పాటు ఇది. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఐటీ నిబంధనలను సవరించి, డబ్బుతో ఆడే ఆటల్లో ఏవి అనుమతింపదగినవో తేల్చే పనిని స్వీయ నియంత్రణ సంస్థలకు వదిలింది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి ఆటగాళ్లు జమచేసే మొత్తం మీద 28 శాతం జీఎస్టీ అమలు చేసింది. నియంత్రణ దగ్గర నైపుణ్యం, పన్ను దగ్గర జూదం! బొక్కసం వైపు తిరిగినప్పుడు కనిపించిన నిజం ఇంటి వైపు తిరిగినప్పుడు కనిపించకపోవడం ఎలా సాధ్యం?

2025 మార్చిలో ఆన్‌లైన్ గేమింగ్ సైట్ల నిషేధంపై లోక్‌సభలో ప్రశ్న వచ్చినప్పుడు ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ సమాఖ్య వ్యవస్థను గుర్తుచేశారు. పందేలు, జూదం రాష్ట్రాల జాబితాలోని 34వ అంశమని, చట్టం చేసే అధికారం రాష్ట్రాలదేనని అన్నారు. అయిదు నెలలు తిరక్కుండా అదే మంత్రి అదే సభలో ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు ప్రవేశపెట్టారు. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి. 22న రాష్ట్రపతి సంతకం పడింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న భేదం లేకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషిద్ధం. నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్లు, 50 లక్షలు. ఆడినవాడికి శిక్ష లేదు. ఏటా 45 కోట్ల మంది దాదాపు 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారన్నది ప్రభుత్వమే చెప్పిన అంచనా. ఆ నష్టం మార్చిలో లేనిది ఆగస్టులో పుట్టిందా?

చట్టం సారాన్ని తప్పుపట్టడానికి లేదు. ఆడినవాడిని బాధితుడిగా, ఆడించినవాడిని నేరస్థుడిగా చూడటం సరైన దృష్టి. తప్పు ఆలస్యంలో ఉంది. మూడు రోజుల్లో ముగిసిన పనికి ముందు ఎనిమిదేళ్లు వృథా అయ్యాయి. తప్పు పద్ధతిలోనూ ఉంది. తొలి పోరాటం చేసిన రాష్ట్రాలతో సమగ్రమైన సంప్రదింపులు లేవు. రెండు సభల్లోనూ తగిన చర్చ లేదు. రాష్ట్రాల అంశమని నిన్న చేతులు దులుపుకున్నవారు ఈ రోజు ఆ అంశాన్నే చేతుల్లోకి తీసుకున్నారు. ఆ వైరుధ్యమే రేపు కంపెనీల వాదనకు ఆయుధం అవుతుంది.

2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వివిధ హైకోర్టుల్లోని సవాళ్లను తన ముందుకు తెప్పించుకుంది. వ్యాపార స్వేచ్ఛ, నైపుణ్యం, ఉద్యోగాలు అన్న వాదనలన్నీ అక్కడ వినిపిస్తాయి. న్యాయస్థానం కొత్త సూత్రం కనిపెట్టాల్సిన పనిలేదు. సికింద్రాబాద్ కేసులో తాను రాసిన పేరాను చివరి దాకా చదివితే చాలు. ఆట స్వభావంతో పాటు ఆడించేవాడి లాభాన్ని కూడా ప్రశ్నించమని ఆ పేరా చెబుతోంది.

కేంద్రం చేయాల్సినది అంతకంటే కష్టమైనది. దేశీయ సంస్థలు మూతపడితే ఖాళీ అయిన చోటికి విదేశాల నుంచి నడిచే అక్రమ బెట్టింగ్ సైట్లు వస్తాయి. రోజుకో పేరు మార్చే వాటిని పట్టుకునేది మండల స్థాయి పోలీసు, ఫిర్యాదు అందుకునేది జిల్లా సైబర్ విభాగం. మూయించే అధికారం ఢిల్లీలో, శవపంచనామా జిల్లాలో అన్న పాత పంపకం కొనసాగితే కొత్త చట్టం కాగితానికే పరిమితమవుతుంది. రాష్ట్రం పంపిన జాబితాపై నిర్ణీత గడువులో చర్య తీసుకునే బాధ్యతను కేంద్రం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. 132 పేర్లతో వెళ్లిన లేఖ లాంటిది మళ్లీ వస్తే, దానికి జవాబు ఎన్ని రోజుల్లో వస్తుందన్నదే ఈ చట్టానికి మొదటి పరీక్ష.