రహదారులు కలుస్తున్నాయి, రికార్డులో మన పేరున్నదా?

హైదరాబాద్ చుట్టూ ఇప్పుడున్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డుకు వెలుపల మరో వలయ రహదారి రానున్నది. సంగారెడ్డి, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి, చౌటుప్పల్ ప్రాంతాల మీదుగా సాగే దాని ఉత్తర భాగానికి భూసేకరణ ప్రకటనలు ఇప్పటికే వెలువడ్డాయి. విజయవాడ, నాగపూర్, వరంగల్ దిశలుగా పోయే 65, 44, 163 నంబర్ల జాతీయ రహదారులను ఇది ఒకదానితో ఒకటి కలుపుతుంది. నాగపూర్ నుండి విజయవాడకు సరుకు తీసుకుపోయే లారీ నగరం అంచుదాకా రానవసరం లేకుండా తూప్రాన్ వద్ద మలుపు తిరిగి చౌటుప్పల్ చేరగలదు. డీజిలు, కాలము రెండూ ఆదా. కూడళ్ళ వద్ద గోదాములు, శీతల గిడ్డంగులు వెలుస్తాయి. ఈ లాభాన్ని కాదనడం అవివేకం.

అయితే ఆ లాభం ఎవరి ఇంటికి చేరుతుందన్నదే ప్రశ్న. పరిహారం కాగితాన్ని చూసి వస్తుంది, కష్టాన్ని చూసి కాదు. సర్కారు కొలువులో ఫైళ్ళ మధ్యనే జీవితం గడిపినవాణ్ణి గనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మన కుటుంబాలలో తాతగారు గతించి ముప్పై ఏళ్ళయినా పట్టా ఆయన పేరు మీదనే ఉంటుంది. విరాసత్ ఊసే ఉండదు. షరీఅత్ ఆడపిల్లకు వాటా నిర్ణయించింది, పాసు పుస్తకంలో మాత్రం ఆమె పేరు కనబడదు. పరిహారం పంపకంపై తగాదా లేస్తే, 1956 నాటి జాతీయ రహదారుల చట్టం ప్రకారం ఆ వ్యవహారం సివిల్ కోర్టుకు పోతుంది. ఇక ఆ సొమ్ము చేతికందేది ఎన్నడో! సేకరణ ప్రకటనపై అభ్యంతరం చెప్పుకోవడానికి ఆ చట్టం ఇచ్చే గడువు 21 రోజులే. అంతలోగా కాగితాలు సమకూర్చుకోవడం ఎవరి తరం? దక్షిణ భాగంలో భూములున్నవారు విరాసత్ పని ఇప్పుడే ముగించుకోవాలి, అక్కచెల్లెళ్ళ పేర్లతో సహా. మస్జిద్ కమిటీలు తమ పరిధిలోని ఖబ్రస్తాన్, ఈద్గా భూముల సర్వే నంబర్లు సరిచూసుకోవాలి.

భూమి లేనివారి సంగతి మరీ దయనీయం. పాత రహదారి పక్కన అద్దె కొట్లలో టైర్లు, ఇంజన్లు బాగుచేసే మెకానిక్కులలో మన పిల్లలు ఎందరో ఉన్నారు. ముస్లింలలో స్వయం ఉపాధిపై ఆధారపడినవారి పాలు ఎక్కువని 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. లారీలు కొత్త దారి పట్టినందుకు వీరికి పైసా పరిహారం లేదు. కొత్త రహదారి వెంట నిర్మించే విశ్రాంతి స్థలాలలో మరమ్మతు కొట్లకు చోటు కేటాయించి, వాటిని స్థానిక మెకానిక్కులకే తక్కువ అద్దెకు ఇవ్వాలని కోరుతూ మండలం వారీగా వీరి జాబితాలు తయారుచేసి కలెక్టర్లకు అందజేయాలి. టెండర్లు పిలిచాక అడిగితే వినేవారుండరు.