ఆ నొప్పి నరానిది కాదు

మీ ఇంట్లో 13 నుంచి 19 ఏళ్ళ మధ్య ఫాస్ట్ బౌలింగ్ వేసే పిల్లాడో పిల్లో ఉండి, ఈ మధ్య నడుం పట్టేసిందంటూ ఎప్పుడూ ఒక పక్కనే చెయ్యి పెట్టుకుంటుంటే, రేపటి ప్రాక్టీసు మాన్పించండి. మ్యాచ్ ఉన్నా సరే, సెలక్షన్స్ ఉన్నా సరే. కారణాలు తర్వాత చదువుకోవచ్చు.

ఇంత తొందర ఎందుకంటే సమ్మర్ క్యాంపులు మొదలయ్యాయి. హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో ఉదయం ఐదున్నరకే ఏ గ్రౌండు చూసినా నెట్లు కట్టి ఉంటున్నాయి. ఎండ ముదిరేలోపు అయిపోవాలని రెండు గంటల్లో అంతా కుక్కేస్తారు. చల్లబడ్డాక సాయంత్రం మళ్ళీ. రాత్రి లైట్ల కింద టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు. పరీక్షల పేరుతో రెండు నెలలు బంతి ముట్టని పిల్లాడు, పరీక్షలు అయిన మర్నాటి నుంచి రెండు పూటలా పరిగెత్తుకొచ్చి బౌలింగ్ వేస్తున్నాడు. నడుం ఎముక విరగడానికి ఏడాది మొత్తంలో ఇంతకన్నా అనువైన కాలం లేదు.

విరగడం అన్న మాట భయపెట్టడానికి వాడలేదు. జరిగేది అదే.

పోయిన వారం హనుమకొండలో ఒక గ్రౌండు గోడ పక్కన కూర్చుని ఒక కుర్రాడి బౌలింగ్ చూశాను. పదిహేనేళ్ళుంటాయి. పొడుగ్గా, సన్నగా, ఈ ఏడాదే ఒక్కసారిగా సాగినట్టున్నాడు, ట్రాక్ ప్యాంటు చీలమండ పైకి వచ్చేసింది. కుడిచేతి వాటం. మొరం నేల మీద పరుగు, సిమెంటు పిచ్ మీద పరిచిన మ్యాట్, కాళ్ళకు మామూలు రన్నింగ్ షూస్. ఊరికే లెక్కపెడదామని మొదలుపెట్టాను. 96 బంతులు వేశాడు. అరవై దాటాక బంతి వేసిన ప్రతిసారీ వెనక్కి తిరిగి నడుస్తూ ఎడమ నడుం మీద బొటనవేలు నొక్కుకుంటున్నాడు. నెట్ పక్కన నిలబడ్డ ఆయన అది చూశాడు కూడా. "ఏం గాదు రా, నరం పట్టింది. స్ప్రే కొట్టుకొని ఇంకో రెండోవర్లు ఎయ్యి" అన్నాడు. వాడు చొక్కా పైకెత్తి స్ప్రే కొట్టుకున్నాడు. ఇంకో రెండోవర్లు వేశాడు.

నరం పట్టడమనేది మన దగ్గర ప్రతి నొప్పికీ ఉన్న సమాధానం. కానీ ఆ బొటనవేలు ఉన్న చోటు చూడండి. కుడిచేత్తో వేసే బౌలర్ బంతి వదిలే ముందు ఎడమ కాలు నేలను బలంగా తన్నుతుంది. ఆ క్షణంలో ఒంటి బరువుకు ఎన్నో రెట్ల బరువు ఆ కాలి మీదుగా నడుంలోకి ఎక్కుతుంది. సరిగ్గా అప్పుడే నడుం వెనక్కి వంగుతుంది, పక్కకు ఒరుగుతుంది, తిరుగుతుంది, మూడూ ఒకేసారి. వెన్నుపూస వెనక భాగంలో రెండు పక్కలా సన్నటి ఎముక వంతెన లాంటిది ఉంటుంది. ఆ దెబ్బంతా అక్కడ పడుతుంది. బైండింగ్ వైరును ఒకే చోట అటూ ఇటూ వంచుతూ పోతే ఏమవుతుందో అదే అవుతుంది. మొదట ఎముక లోపల వాపు, తర్వాత వెంట్రుకంత చీలిక, ఆపకపోతే పూర్తిగా విరగడం. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. ఎక్కువగా నడుం కింది రెండు పూసల్లోనే వస్తుంది, బౌలింగ్ చేతికి ఎదురు పక్కన. కుడిచేతి బౌలర్‌కి ఎడమ పక్క నొప్పి అంటే అనుమానించాల్సింది అందుకే. పైగా ఈ భాగం ఇరవై దాటాక కూడా కొన్నేళ్ళకు గానీ పూర్తిగా గట్టిపడదు. మనమేమో పదిహేనేళ్ళకే దాన్ని పెద్దవాళ్ళ పనికి పెడుతున్నాం.

"అదంతా బలం లేనోళ్ళకు వస్తది సార్" అనేవాళ్ళు ఇంగ్లండ్ వైపు ఒకసారి చూడాలి. జోఫ్రా ఆర్చర్ కన్నా ఒడుపుగా, అలవోకగా బంతి వేసేవాడు ఈ తరంలో అరుదు. పరిగెత్తినట్టే ఉండదు, బంతి మాత్రం గంటకు 145 కిలోమీటర్లు దాటుతుంది. 2019 జూలైలో లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్ సూపర్ ఓవర్ వేసింది అతనే. ఆగస్టులో అదే మైదానంలో తొలి టెస్టు. నవంబర్‌లో న్యూజీలాండ్‌లోని మౌంట్ మాంగనూయీ టెస్టులో ఒకే ఇన్నింగ్స్‌లో 42 ఓవర్లు వేయించారు. దక్కింది ఒక వికెట్. మూడు నెలలు తిరక్కముందే కుడి మోచేతిలో స్ట్రెస్ ఫ్రాక్చర్ బయటపడింది. ఆ 42 ఓవర్ల వల్లే అని ఎవరూ రుజువు చెయ్యలేరు, నేనూ అనను. కానీ తర్వాతి కథ చూడండి. 2021లో మోచేతికి రెండు ఆపరేషన్లు. 2022 మేలో నడుంలో స్ట్రెస్ ఫ్రాక్చర్. 2023లో మళ్ళీ మోచెయ్యి. 2021 ఫిబ్రవరిలో అహ్మదాబాద్‌లో ఆడిన టెస్టు తర్వాత ఇంకో టెస్టు ఆడింది 2025 జూలైలో, నాలుగేళ్ళు దాటాక. ఆ సీజన్‌కి రాడని తెలిసీ 2022 వేలంలో ముంబై ఇండియన్స్ అతనికి 8 కోట్లు పెట్టింది. అంత విలువైన చెయ్యి అది. దాని వెనక ఇంగ్లండ్ బోర్డు వైద్యులు, స్కానింగులు, ఫిజియోలు ఉన్నారు. వాళ్ళకే నాలుగేళ్ళు పట్టింది.

ఆ 2022 మే నెలలో ఆర్చర్ ఒక్కడే కాదు. సకీబ్ మహమూద్, మాథ్యూ ఫిషర్ ఇద్దరికీ నడుంలో స్ట్రెస్ ఫ్రాక్చర్లే. ఈ ఇద్దరూ రెండు నెలల ముందు, మార్చిలో, బ్రిడ్జ్‌టౌన్‌లో ఒకే టెస్టుతో ఇంగ్లండ్ టెస్టు టోపీ పెట్టుకున్నవాళ్ళు. 188 టెస్టులాడి 704 వికెట్లు తీసిన జేమ్స్ ఆండర్సన్‌ది కూడా ఉక్కు నడుమేం కాదు. 2006లో అతనికీ ఇదే గాయం. అంతకుముందు కోచ్‌లు అతని యాక్షన్ మార్చబోయారు. కోలుకున్నాక పాత యాక్షన్‌కే తిరిగి వెళ్ళాడు. క్యాంపులో చేరిన మొదటి రోజే "చెయ్యి ఇట్ల రావద్దు, అట్ల రావాలె" అని పిల్లల ఒంటిని వంచేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది. మనవాళ్ళలో ఫాస్ట్ బౌలర్ బుమ్రాకూ నడుంలో స్ట్రెస్ ఫ్రాక్చరే, ఆ కథ అందరికీ తెలుసు. 2018 అండర్-19 ప్రపంచకప్‌లో బంతి వేగంతో అందర్నీ నోరెళ్ళబెట్టించిన కమలేశ్ నాగర్‌కోటి ఆ తర్వాతి ఏళ్ళలో ఎక్కువ భాగం గాయాలతోనే గడిపాడు. ఆ పేరు ఇప్పటి పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఈ మాటలన్నీ ఆ కుర్రాడి తండ్రికి చెప్పాను. టీవీఎస్ ఎక్సెల్ మీద కొడుకును దింపి, అయ్యేదాకా అక్కడే నిలబడతాడు. ఓపిగ్గా విని, ఒకటే అడిగాడు. "సిరాజ్ గిట్ల కష్టపడకుంటనే అయిండా సార్?"

ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. మన ఊళ్ళలో ఫాస్ట్ బౌలర్ కావాలనుకునే ప్రతి పిల్లాడి గోడ మీదా భారత ఫాస్ట్ బౌలర్ మహమ్మద్ సిరాజ్ ఉన్నాడు. ఆటో నడిపిన మహమ్మద్ గౌస్ కొడుకు, ఇవాళ తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ. 2025 ఆగస్టు 4న ఓవల్‌లో అట్కిన్సన్ వికెట్ ఎగరగొట్టి ఇంగ్లండ్‌పై 6 పరుగుల తేడాతో టెస్టు గెలిపించిన దృశ్యం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఆ సిరీస్‌లో అయిదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేశాడు, అంటే 1,113 బంతులు. దాన్నే మన కోచ్‌లు పిల్లలకు చూపించి ఇంకో రెండోవర్లు అడుగుతున్నారు. కానీ ఆ బంతులు వేసింది 31 ఏళ్ళ ఎముక. సిరాజ్ తోలు బంతి పట్టిందే 2015 ప్రాంతంలో, ఇరవై దాటాక. అంతకుముందంతా టెన్నిస్ బంతే. పదిహేనేళ్ళకే రోజుకు రెండు పూటలా నెట్స్‌లో నలిగిన ఒళ్ళు కాదది. అదే అతన్ని కాపాడిందేమోనని నా ఊహ. ఊహే అనుకోండి. 31 ఏళ్ళవాడి లెక్క 15 ఏళ్ళవాడికి అప్పగించకూడదన్నది మాత్రం ఊహ కాదు. అదే సిరీస్‌లో బుమ్రాను మూడు టెస్టులే ఆడించాలని ముందే రాసుకున్నారు, దాన్నెవరూ పిల్లలకు చూపించరు.

ఓవల్‌లో ఆ చివరి బంతి పడినప్పుడు అవతలి కొసన ఇంగ్లండ్ బౌలర్ క్రిస్ వోక్స్ ఉన్నాడు. ఫీల్డింగ్‌లో భుజం జారి, ఎడమ చెయ్యి స్వెట్టర్ లోపల కట్టుకుని వచ్చాడు. చప్పట్లు కొట్టాం. 36 ఏళ్ళ మనిషి, తెలిసి తీసుకున్న నిర్ణయం. సెప్టెంబర్ నెలాఖరుకి అంతర్జాతీయ క్రికెట్‌కి వీడ్కోలు చెప్పాడు. నొప్పితో ఆడటాన్ని మొగతనంగా చూసే మన అలవాటు పదిహేనేళ్ళవాడి దాకా దిగివచ్చింది. వాడికి ఆ నిర్ణయం తీసుకునే వయసూ లేదు, జట్టులోంచి తీసేస్తారన్న భయంతో నోరూ రాదు.

అసలు చిక్కు ఒకటుంది. ఆ కుర్రాడు ఎన్ని బంతులు వేస్తున్నాడో ఎవరికీ తెలియదు. అకాడమీ సార్‌కి అకాడమీ బంతులే తెలుసు. స్కూల్ పీఈటీకి స్కూల్ మ్యాచ్‌లే తెలుసు. ఆదివారం కాలనీ టీమ్‌లో పాత స్నేహితులు "నువ్వు లేకుంటే ఎట్లరా" అని లాక్కుపోతారు. అందరూ కొంచెమే వేయిస్తున్నామనుకుంటారు. కూడేవాడు లేడు. ఒళ్ళు మాత్రం ఒకటే.

ఇంగ్లండ్ బోర్డు ఇందుకే పిల్లల ఫాస్ట్ బౌలింగ్‌కి ఎప్పుడో హద్దులు గీసింది. 13 ఏళ్ళ లోపువాళ్ళకు స్పెల్‌కి 5 ఓవర్లు, రోజుకు 10. అండర్-14, అండర్-15 వాళ్ళకు స్పెల్‌కి 6, రోజుకు 12. ఆ పైన 7, 18. ఏడు రోజుల్లో నాలుగు రోజులకు మించి బంతి వెయ్యకూడదు, వరసగా రెండు రోజులకు మించకూడదు. నేను లెక్కపెట్టిన 96 బంతులంటే 16 ఓవర్లు. అదీ ఒక్క పూట. ఆ సాయంత్రం మళ్ళీ ఉంది, మర్నాడూ ఉంది.

మన బోర్డు అండర్-16 పిల్లలకు మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తుంది, వయసు దొంగలను పట్టడానికి. మంచిదే. సర్టిఫికెట్‌లో ఎన్నేళ్ళు రాసుకున్నా ఎముకకు తన వయసు తెలుసు. అదే జాగ్రత్తలో పదో వంతు నడుం మీద పెట్టినా ఈ సంపాదకీయం అవసరం ఉండేది కాదు. వరంగల్‌లో క్యాంపు పెట్టే ప్రతివారూ నెట్ దగ్గర ఒక రిజిస్టరు పెట్టి, ఎవరు ఎన్ని బంతులు వేశారో రాయాలి. ఫీజు రాయడానికి ఉన్న రిజిస్టరులో ఇంకో గడి గీస్తే చాలు. గియ్యని చోట మీ పిల్లల్ని చేర్చకండి.

అందాకా లెక్క ఇంట్లోనే రాయండి. పాల లెక్క రాసే క్యాలెండర్ వంటింట్లో ఉంటుంది కదా, దాని మీదే. పొద్దున ఎన్ని, సాయంత్రం ఎన్ని, కాలనీ మ్యాచ్‌లో ఎన్ని. టెన్నిస్ బంతిని కూడా కలపాలి. బంతి తేలికే గానీ కాలి మీద పడే బరువు తగ్గదు.

నొప్పి మొదలైతే మాత్రం లెక్కలు పక్కన పెట్టి బంతి ఆపాలి. నడుం వెనక్కి వంచితే పెరిగి, రెండు రోజులు ఆడకపోతే తగ్గి, మళ్ళీ ఆడగానే తిరగబెట్టే నొప్పి, అందులోనూ ఒక పక్కకే ఉండే నొప్పి, ఇదీ స్ట్రెస్ ఫ్రాక్చర్ నడక. తగ్గింది కదా అని పంపడమే అందరూ చేసే తప్పు. నడుం నొక్కేవాళ్ళ దగ్గరికి, నరం దించేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళకండి. విరిగే ఎముకను పట్టి తిప్పడమవుతుంది. ఆర్ఎంపీ దగ్గర మ్యాచ్ ముందు వేయించే నొప్పి ఇంజక్షన్ ఇంకా ప్రమాదం. ఒళ్ళు ఆగమని చెప్పే ఒక్క గొంతునూ అది నొక్కేస్తుంది. పైగా మే నెల ఎండలో చెమటకు ఒళ్ళు ఎండిపోయి ఉన్నప్పుడు ఆ మందులు కిడ్నీల మీద పడతాయి. ఎముకల డాక్టర్‌కి చూపించండి. మా వాడు ఫాస్ట్ బౌలర్ అని, ఏ చేత్తో వేస్తాడో, ఏ పక్క నొప్పో చెప్పండి. ఎక్స్‌రేలో ఏమీ లేదంటే ఊపిరి పీల్చుకోకండి, తొలి దశలో ఇది ఎక్స్‌రేకి చిక్కకపోవచ్చు. ఎంఆర్ఐ అవసరమా అని మీరే అడగండి. ఖర్చే, కాదనను. తొలి దశలో దొరికితే కొన్ని నెలల విశ్రాంతితో ఎముక అతుక్కునే అవకాశం బాగా ఉంటుంది. చీలిక ముదిరి రెండు ముక్కలయ్యాక అతుక్కోవడమే గగనం.

ఆ కుర్రాడి తండ్రి నిన్న ఫోన్ చేశాడు. డాక్టర్ వంచి చూసి బంతి ముట్టొద్దన్నాడట, బుధవారానికి ఎంఆర్ఐ రాశాడట. ఆదివారం మ్యాచ్ ఉంది. అకాడమీ వాట్సాప్ గ్రూపులో పెట్టిన పదకొండు మంది లిస్టులో వాడి పేరు ఇంకా ఉంది, పక్కన "ఓపెనింగ్ స్పెల్" అని రాసి.