రాతి మీది అక్షరం – తెర మీది అక్షరం



చెనక్కాయ పంట ఎండిపోయే అనంతపురంలో కంప్యూటర్ అక్షరాల గొడవ ఎందుకని కొందరు నవ్వవచ్చు. నీళ్ళు నిలవడం లేదని బాధపడే మనం, రాసిన మాట నిలవడం లేదని కూడా కొంచెం బాధపడవద్దా?

ఈ సంచిక పనిలో ఒక పాత వ్యాసం కోసం వెదికాం. బీరువాలో సీడీ దొరికింది. ప్రాణం లేచి వచ్చింది. తీరా తెరిచి చూస్తే తెరనిండా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు! ఫైలు చెడిపోలేదు. ఆనాడు డీటీపీ చేసినవారు వాడిన ఫాంటు మా దగ్గర లేదు, అంతే.

అసలు సంగతి ఏమిటి? కంప్యూటరుకు అక్షరం తెలియదు. అంకె మాత్రమే తెలుసు. ఏ అంకె ఏ అక్షరమో అందరూ ముందుగా ఒప్పుకోవాలి. జపాను వారు 1969లోనే ఒక జాతీయ ప్రమాణం చేసుకొని, ఇంగ్లీషు అక్షరాలు పోగా మిగిలిన అంకెల్లో తమ కటకానా లిపిని, విరామ చిహ్నాలతో కలిపి 63 గుర్తులుగా, ఇమిడ్చారు. కటకానా గుర్తులు పక్కపక్కన నిలబడతాయి. వాటికి ఒత్తుల బెడద లేదు.

మనకో? గుణింతాలు, ఒత్తులు! అయినా మన దేశం ఊరుకోలేదు. ఇస్కీ అనే ప్రమాణం 1988లో రూపుదిద్దుకొంది. దాని క్రమాన్నే అనుసరించి 1991లో యూనికోడ్ తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించింది. అందులో 'క' 3093. 'క్ష'కు వేరే అంకె లేదు. క 3093, పొల్లు 3149, ష 3127 వరుసగా వస్తే, వాటిని కలిపి చూపించడం ఫాంటు పని.

మరి మన అచ్చుపని ఎలా సాగింది? ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్టు, కొమ్ము, ఒత్తు ముక్కలు పెట్టిన ఫాంటులతో సాగింది. కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. కంప్యూటరు మాత్రం అది ఇంగ్లీషే అనుకొంటుంది. వెదికితే మాట దొరకదు. ఫాంటు పోతే మాటే పోతుంది. వారిని తప్పుపట్టను, ఆనాటి పేజీ సాఫ్ట్‌వేర్లకు ఒత్తులు కలపడం చేతకాలేదు. నేడు ఆ సాకు చెల్లదు.

యూనికోడ్‌లో చిక్కులు లేవా? ఉన్నాయి. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 గుర్తులే పడతాయి. 'వర్షం' కంటికి రెండక్షరాలు, లెక్కకు అయిదు! రైతుకు వాన కబురు పంపాలన్నా కుదించి రాయాలి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'తో కూడిన ఒక కూర్పు ఐఫోన్లనే మొరాయింపజేసింది. యాపిల్ ఆ నెలలోనే దాన్ని సరిదిద్దింది. ఉమ్మడి ప్రమాణంలో తప్పు దొరికితే అందరికీ ఒకేసారి బాగవుతుంది. ఎవరి ఫాంటు వారిదైతే ఎవరు దిద్దాలి?

పక్కనున్న కడప జిల్లా కలమళ్ళ శాసనం క్రీ.శ. 575 నాటిదంటారు. దాన్ని చదివిన పండితులున్నారు. మన సీనియర్లు రాసిన వ్యాసం చదవడానికి మాత్రం మనకు దిక్కులేదు!

కనుక యూనియన్‌కు నా మనవి ఒక్కటే. ఈ ఏడాది నుంచి సంచిక ప్రతి పేజీని యూనికోడ్‌లోనే భద్రపరచాలి. పాత సంచికల్ని తలా పది పేజీల చొప్పున మనమే మళ్ళీ టైపు చేయాలి. తొలి పది పేజీలు నావి. తరువాతి పది ఎవరివి?