సన్నాయిని కూర్చుండి విందాము

గత వార్షికోత్సవంలో ముఖ్య అతిథికి సన్నాయి మేళంతో స్వాగతం పలికాము. అతిథి వేదిక ఎక్కగానే చేతిసైగతో మేళాన్ని ఆపించాము. విద్వాంసుడు ఎత్తుకున్న రాగం సగంలో తెగింది. ఆ సైగ చేసినవారిలో మేమూ ఉన్నాము.

ఈ తప్పు ఎక్కడైనా తప్పే. ఈ ప్రాంతంలో మరీ సిగ్గుచేటు. నాదస్వర చక్రవర్తి షేక్ చినమౌలానా గారు 1924లో జన్మించినది ఒంగోలు చెంతనున్న కరవదిలోనే. తండ్రి కాశిం సాహెబు వద్ద, పిదప చిలకలూరిపేట ఆదం సాహెబు వద్ద విద్య నేర్చారు. అంతటితో తృప్తిపడలేదు. తంజావూరు బాణీపై మక్కువతో కుంభకోణం సమీపాన గల నాచ్చియార్‌కోయిల్ వెళ్లి రాజం, దొరైక్కణ్ణు సోదరులకు శిష్యులయ్యారు.

గిటారు వాద్యకారునికి స్వరస్థానాన్ని మెట్టు చూపుతుంది. నాదస్వరానికి ఆ ఆధారం లేదు. ఏడు రంధ్రాలు, పెదవుల నడుమ పీక, గుండెలోని ఊపిరి, అంతే. ఒకే రంధ్రంపై వేలిని ఇసుమంత జరిపి, ఊపిరి బిగువు మార్చి వేర్వేరు స్వరాలు పలికించాలి. మౌలానా గారి రికార్డులు విన్నప్పుడల్లా మమ్ము కట్టిపడవేసేది వేగం కాదు, తొందర లేకపోవడం. రాగం తనంత తానుగా విచ్చుకొనేదాకా ఆయన వేచి ఉంటారు. స్పెయిన్‌లో సెగోవియా గిటారుకు కచేరీ వేదికపై గౌరవం సంపాదించినట్లే, ఈ వాద్యానికీ శ్రద్ధగా వినే సభ కావాలి.

ఆయన శ్రీరంగంలో స్థిరపడి 1982లో శారదా నాదస్వర సంగీతాశ్రమం నెలకొల్పారు. 1998లో సంగీత కళానిధి బిరుదు వరించింది. మరుసటి ఏడే కన్నుమూశారు. ఆయన శిష్యులు మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించింది. ముసల్మానుకు దేవాలయ వాద్యమెందుకని అడిగేవారు ఇరువైపులా ఉన్నారు. తరతరాలుగా ఈ వాద్యం మన ఇండ్లలో మ్రోగుతూనే ఉంది. ప్రశ్నయే ఆలస్యంగా వచ్చింది.

మా తరగతిలో ఒక విద్యార్థి, తండ్రి వృత్తి వ్యవసాయమని దరఖాస్తులో వ్రాశాడు. ఆ తండ్రి సన్నాయి విద్వాంసుడని తరువాత తెలిసింది. పెండ్లిళ్లు లేని నెలల్లో మిరప కల్లాలలో కూలికి వెళతాడట. కుమారుడు వాద్యం ముట్టడు. కారణం మేము అడుగలేదు. గేటు వద్ద మేము చేసిన సైగ అతడూ చూచియుండును.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒక్కటే. ఈ ఏడు మేళానికి వేదికపైన ఒక గంట కేటాయించండి. ముఖ్య అతిథి క్రింద కుర్చీలో కూర్చుని వినవచ్చును. ఉపన్యాసాలు తగ్గించవలసివస్తే మొదట మాది తీసివేయండి. ఆ విద్యార్థి తండ్రిని పిలిచి రావడానికి మేమే స్వయంగా వెళ్తాము.